ముందు ఆపి, తర్వాత అడుగుతారా?

ఈ నెల 15న, పింఛను పంచే రోజున, ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక పంచాయతీ ఆఫీసు ముందుకు నులకమంచం ఒకటి వచ్చింది. దాని మీద పక్షవాతంతో మూడేళ్లుగా లేవలేని మనిషి. నాలుగు కోళ్లూ పట్టి మోసింది ఇరుగుపొరుగు. పక్కన నడిచొచ్చిన భార్య చేతిలో బట్టల షాపు ప్లాస్టిక్ కవరు. అందులో ఆధార్, వికలాంగ సర్టిఫికెట్, పింఛను పుస్తకం, మడతల దగ్గర చిరిగిపోయిన ఆస్పత్రి చీటీలు. పింఛను లిస్టులో పేరు లేదన్నారు. ఎందుకు లేదని అడిగితే బ్లాకు ఆఫీసుకు వెళ్లమన్నారు. మంచం వచ్చిన దారినే వెనక్కి పోయింది.

మా విలేకరి ఆరా తీస్తే తేలిన కారణం ఇది. తనిఖీకి వచ్చిన రోజు ఆయన ఇంట్లో లేడు. ‘పరిస్థితుల్లో మార్పు తెలియజేయలేదు’ అని రాసుకుని పింఛను ఆపేశారు. ఆయన ఎక్కడికి పోయాడు? పాతపట్నంలో కూతురింటికి. భార్య జారిపడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా ఆయన్ను పక్కకు తిప్పడానికి, ఒళ్లు తుడవడానికి, గుడ్డలు మార్చడానికి ఇంట్లో మరో మనిషి లేదు. కూతురు వచ్చి ఇద్దరినీ ఆటోలో తీసుకెళ్లింది. మా జిల్లా కేంద్రం పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య మహేంద్రతనయ నది ఉంది, వంతెన దాటితే వేరే రాష్ట్రం, ఆంధ్ర. ఆ వంతెన దాటడం చెప్పుకోవాల్సిన ‘మార్పు’ అని వాళ్లకు చెప్పిందెవరు? ఏ కాగితం మీద, ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పిందెవరు? ఒక్కరూ లేరు.

ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలి, చనిపోయినవాళ్ల పేరున డబ్బు పోకూడదు, తనిఖీ తప్పదు అని అధికారులంటారు. నిజమే, కాదనం. తనిఖీ చేయండి. మా అభ్యంతరం తనిఖీ మీద కాదు. ముందు ఆపి, తర్వాత అడగడం మీద. ఇక్కడ ఆ అడగడం కూడా జరగలేదు.

ఒడిశాలో 2008 నుంచి మధుబాబు పింఛను పథకం నడుస్తోంది. ఇక్కడి వాళ్లు ‘భత్తా’ అంటారు. 80 ఏళ్లు దాటినవాళ్లకు, 80 శాతానికి పైబడి వైకల్యం ఉన్నవాళ్లకు ఇప్పుడు నెలకు 3,500 రూపాయలు. పెంచినందుకు ఈ పత్రిక అప్పుడే ప్రభుత్వాన్ని మెచ్చుకుంది. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో ఆ డబ్బు ఏమవుతుందో ఒకసారి చూడండి. పెద్దల డైపర్లు, వీపు పుండ్లకు పూసే మందు, బీపీ మాత్రలు, నెలకోసారి ఆస్పత్రికి ఆటో. నర్సును పెట్టుకునే స్తోమత లేని ఇంట్లో భార్యే నర్సు. ఆమె కూలికి పోలేదు, పోతే ఆయన్ను చూసేవాళ్లు లేరు. మూడు నెలలు ఆపితే 10,500 రూపాయలు. ఆ ఇల్లు ఆ మూడు నెలలూ మెడికల్ షాపులో అరువు పెట్టింది. ఇప్పుడు షాపు అతను కూడా పాత బాకీ తీర్చమంటున్నాడు.

ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. చూసుకునే మనిషికీ విలువ ఉందని చట్టమే ఒప్పుకున్నది. అలాంటిది, చూసుకునే మనిషి చెయ్యి విరిగితే మంచం మీది మనిషికి పింఛను పోవడం ఏం న్యాయం?

రిటైరైన ప్రభుత్వోద్యోగి సంగతి చూడండి. ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలని ఆయనకు తెలుసు. 80 దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే అవకాశం ఇస్తారు. 2014 నుంచి అది డిజిటల్ అయింది. 2020 నుంచి కొద్దిపాటి రుసుముకు పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి వేలిముద్ర తీసుకుని పోతాడు. ఆలస్యమైతే పత్రం ఇచ్చాక బకాయిలతో సహా వస్తుంది. మంచి ఏర్పాటు, అలాగే ఉండాలి. మరి నులకమంచం మీది మనిషికి ఆ తేదీ ఏది? ఆ పోస్ట్‌మ్యాన్ ఏడి? ఆ బకాయి ఏది? ఉద్యోగుల పింఛను దయ కాదు, హక్కు అని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. పేదవాడి పింఛను దగ్గరికి వచ్చేసరికి అధికారుల నోట ఇప్పటికీ అది దయే. అందుకే ఒక్క సంతకంతో, చెప్పాపెట్టకుండా ఆపేయగలుగుతున్నారు.

ఇదేమీ కొత్తగా పుట్టిన జబ్బు కాదు. 2020లో నువాపడా జిల్లాలో జన్‌ధన్ డబ్బు కోసం, నూరేళ్లు దాటిందని చెబుతున్న తల్లిని మంచంతో సహా ఈడ్చుకుంటూ బ్యాంకుకు తీసుకెళ్లింది ఒక కూతురు. 2023లో నబరంగపూర్ జిల్లాలో డెబ్బై ఏళ్ల అవ్వ విరిగిన కుర్చీని ఊతంగా పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా పింఛను కోసం నడిచింది. వీడియో దేశమంతా చూసింది, కేంద్ర ఆర్థిక మంత్రి స్పందించారు, ఇంటికే తెచ్చిస్తామని బ్యాంకు అప్పుడు చెప్పింది. 2024లో కేంఝర్ జిల్లాలో మరో వృద్ధురాలు పంచాయతీ ఆఫీసుకు పాకుతూ వెళ్లింది. ప్రతిసారీ వీడియో వచ్చాకే కదిలారు. వీడియో తీసేవాళ్లు లేని పల్లెల్లో ఎన్ని మంచాలు వెనక్కి పోతున్నాయో?

నది అవతలా ఇదే తీరు. ఆంధ్రలో పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు నెలకు 15,000 రూపాయలు, ఒకటో తేదీన ఇంటి దగ్గరే ఇస్తున్నారు. ఆ మాట వింటే ఇక్కడి వాళ్లకు ఆశ పుడుతుంది. కానీ 2025లో అక్కడ కూడా వికలాంగ పింఛన్లకు మళ్లీ తనిఖీ పెట్టి నోటీసులు పంచారు. జనం రోడ్డెక్కాక, అప్పీలు చేసుకున్నవాళ్లకు ఆపకుండా ఇస్తామన్నారు. ఆ మాటేదో నోటీసు ఇచ్చిన రోజే అనొచ్చు కదా! ముందు ఆపి తర్వాత అడగడం ఒకచోట చెల్లితే ఇంకోచోట పద్ధతిగా మారుతుంది. ఇవాళ ఊరు దాటినందుకు ఆపినవాళ్లు, రేపు ఫోన్ నంబరు మారిందని ఆపుతారు. ఎల్లుండి ఆధార్‌లో ఒక అక్షరం తేడా ఉందని ఆపుతారు. మన పేర్లు తెలుగులో ఒకలా, ఒడియాలో ఒకలా, ఇంగ్లీషులో ఇంకోలా ఉంటాయి. ఈ సరిహద్దులో అక్షరం తేడా లేని ఇల్లు ఏది?

ఇక మార్పు తెలియజేయడం గురించి. వృద్ధాప్య పింఛనులో 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. 2007 నుంచి అదే 200. ఇన్నేళ్లలో బియ్యం ధర మారింది, మందుల ధర మారింది, ఆటో చార్జీ మారింది. ఈ మార్పు ఎవరు ఎవరికి తెలియజేయాలి? పింఛన్ల పథకం డబ్బు వేరే పథకాల ప్రచారానికి మళ్లిందని 2023లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికే చెప్పింది. దానికి ఎవరి జీతం ఒక నెల ఆగింది? మంచం మీది మనిషి రెండున్నర నెలలు కూతురింట్లో ఉన్నందుకు మాత్రం మూడు నెలలు ఆగింది.

గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ అధికారులను మేము అడిగేది కష్టమైన పనేమీ కాదు. ఎవరి పింఛనైనా ఆపాలనుకుంటే ముందు ఆ ఇంటికి మనిషిని పంపండి. ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడగండి. ఎక్కడున్నారో ఊరందరికీ తెలుసు, కూతురి ఫోన్ నంబరు కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. కారణం కాగితం మీద రాసి ఇవ్వండి, చదవగలిగే భాషలో ఇవ్వండి. పర్లాకిమిడి చుట్టుపక్కల ముసలివాళ్లలో తెలుగు తప్ప మరో లిపి రానివాళ్లు ఎందరున్నారో మీకు తెలియనిది కాదు. 1936లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచీ వీళ్లు ఈ నేల మీదే ఉన్నారు. వాళ్లు మార్పు చెప్పడానికి వస్తే తీసుకున్నట్టు రసీదు ఇవ్వండి. జవాబు వినేదాకా డబ్బు ఆపకండి. తప్పుగా ఆపితే బకాయితో ఇవ్వండి, ఆపిన అధికారి పేరుతో ఇవ్వండి.

వచ్చే 15కి ఇంకా రోజులున్నాయి. ఆ ఇల్లు పంచాయతీ ఆఫీసుకు కూతవేటు దూరం. ఆ మంచం దగ్గరికి ఇంతవరకు ఒక్క అధికారీ వెళ్లలేదు. సిగ్గుంటే ఈసారి మీరే నడిచి వెళ్లండి.