స్ట్రోలర్ గారికి, ఉల్లిపాయలు తీసేశాక రాస్తున్న ఉత్తరం

యూసుఫ్‌గూడ,
ఆదివారం రాత్రి.

మహారాజశ్రీ స్ట్రోలర్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండిని పట్టుకుని ‘గారు’ అంటున్నానని కంగారు పడకండి. నాలుగేళ్లుగా మిమ్మల్ని బాల్కనీలో వాషింగ్ మెషిన్ వెనక నిలబెట్టి, ఒళ్లో ఐదు కిలోల ఉల్లిపాయలు పోసి, తల మీద తడి తువ్వాళ్లు ఆరేసింది నేనే. ఒప్పుకుంటున్నాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నారు కదా. ఏం చెయ్యను, ఇప్పుడు ఇంకో ఏరొచ్చి పడింది. దాని పేరు ఫ్లోరిడా.

వేసవి సెలవులకి మా బావమరిది రమ్మన్నాడు. ఏడేళ్ల కిందట మిమ్మల్ని సూట్‌కేసులో కుక్కి తెచ్చినవాడే. ఆ లెక్కన మీకిది పుట్టింటి ప్రయాణం (పుట్టిల్లు చైనా అని సీటు అడుగున అచ్చేసి ఉంది గానీ, దాన్ని పట్టించుకోకండి). అంతదూరం వెళ్లి డిస్నీ వరల్డ్ చూపించకపోతే మా అమ్మాయి నన్ను తండ్రి లెక్కలోంచి తీసేసేలా ఉంది. దానికి ఏడేళ్లు నిండాయి. రెండో తరగతి అయిపోయింది. ఎత్తు 47 అంగుళాలు. అక్కడ స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ ఎక్కడానికి 44 అంగుళాలుంటే చాలట. అంటే చిమ్మచీకట్లో రాకెట్‌లో దూసుకుపోయేంత పెద్దది, దిగి బయటికొచ్చి నాలుగడుగులు వేయమంటే మాత్రం “నాన్నా, కాళ్లు!” అనేంత చిన్నది. మిమ్మల్ని తీసుకెళ్లాలా వద్దా అని వారం నుంచి మా ఇంట్లో రాత్రి భోజనాలు చల్లారిపోతున్నాయి.

ప్రతిపక్ష నాయకుడు మా నాన్న. “ఏడేళ్ల గుర్రాన్ని బండిలో కూర్చోబెట్టి తోస్తారా? ఆ వయసులో నేను బడికి రానూపోనూ నడిచేవాణ్ణి” అంటాడు. ఆయన బడి దూరం గురించి మీకో మాట చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో అది మూడు కిలోమీటర్లు. నా పెళ్లినాటికి ఐదయింది. మనవరాలు పుట్టాక ఎనిమిదైంది, మధ్యలో ఒక వాగు కూడా వచ్చి చేరింది.

నిన్న మిమ్మల్ని కడగడానికి సెల్లార్‌లోకి దించితే వాచ్‌మన్ చూసి, “గింత పెద్ద పిల్లను బండ్ల కూసోవెడ్తరా సార్?” అన్నాడు. లిఫ్టులో కలిసిన నాలుగో అంతస్తు ఆంటీ గారు గొంతు తగ్గించి, “పాప కాలికి ఏమైనా అయిందా అండీ?” అని అడిగారు. ఏమీ కాలేదన్నాను. ఆవిడ ఇంకా జాలిగా చూశారు.

పిల్లలకి నడక అలవాటు చెయ్యాలని అందరూ అంటారు. ఎక్కడ చెయ్యాలో ఒక్కరూ చెప్పరు. మీకు గుర్తుందో లేదో, కొత్తలో ఒకసారి మిమ్మల్ని మా వీధి ఫుట్‌పాత్ మీదికి దించాం. పది గజాలకి ఇడ్లీ బండి. దాన్ని తప్పుకుంటే ట్రాన్స్‌ఫార్మర్, దాన్నీ తప్పుకుంటే వరసగా ఆపిన ఆరు బైకులు. ఆ తర్వాత పలక లేని మ్యాన్‌హోల్. మీ ముందు చక్రం గోతిలో, వెనక చక్రం కొబ్బరి బొండాల కుప్ప మీద, మధ్యలో మా అమ్మాయి కేరింతలు. అదే మీ మొదటి ఊరేగింపు, ఆఖరిదీ అదే. ఆ తర్వాత మాల్‌లో నున్నటి గచ్చు మీద తప్ప మీ చక్రాలు తిరగలేదు. దాని కాళ్ల సంగతీ అంతే. తలుపు దగ్గర్నుంచి లిఫ్టు, లిఫ్టు నుంచి స్కూలు వ్యాను. ఏడాదంతా అడుగు తీసి అడుగు వేయనివ్వని ఊళ్లో పెంచి, ఒక్కరోజు మాత్రం పొద్దున గేటు తీసినప్పట్నుంచి రాత్రి బాణసంచా దాకా నడువమ్మా అంటే, పాపం అదేం చేస్తుంది?

ఇంకొకటి. ఒకటీ రెండు తరగతుల పిల్లల బస్తా కిలోన్నర దాటకూడదని కేంద్రం 2018లోనే చెప్పింది. మా అమ్మాయి బస్తాని నేను ఒంటి చేత్తో ఎత్తలేను. దాన్ని వీపున వేసుకుని మూడో అంతస్తు క్లాసుకి ఎక్కుతుంటే ఏడాది పొడుగునా ఒక్కరూ “అయ్యో” అనలేదు. ఒక్కరోజు బండెక్కుతుందంటే ఊరంతా దాని కాళ్ల గురించే బెంగ.

మీరు లేకుండా కుదురుతుందేమో చూద్దామని రిహార్సల్ కూడా వేశాం. మొన్న ఆదివారం రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లాం. 1,666 ఎకరాలు. అక్కడ నయం, చాలామటుకు వాళ్ల ఎర్ర బస్సులే తిప్పుతాయి. అయినా మధ్యాహ్నం మూడయ్యేసరికి మా అమ్మాయి నా ముందుకొచ్చి రెండు చేతులూ చాచింది. ఉప్పుమూట! ఆ ఆటకి ఆ పేరు పెట్టినవాడెవడో గానీ, మోసిన అనుభవంతోనే పెట్టి ఉంటాడు. ఇరవై ఒక్క కిలోల ఉప్పు. బెల్లం బస్తాకైనా అటూ ఇటూ తన్నే కాళ్లుండవు. ఆ రాత్రి నా నడుముకి బామ్ రాస్తూ మా ఆవిడ మీ వైపు ఫిరాయించింది.

“అక్కడ అద్దెకిస్తారుగా” అన్నాడు నాన్న. ఇస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కుకి కార్లో వెళ్తే, కారు ఆపిన చోటికీ గేటుకీ మధ్య ఒక చెరువుంటుంది. మోనోరైలో పడవో ఎక్కి దాటాలి. అద్దె బండి గేటు లోపల ఎక్కి లోపలే దిగాలి. పిల్ల నిద్రపోయేది ఎప్పుడు? బాణసంచా అయ్యాక, తిరుగు దారిలో. బండి అసలు కావలసిన సమయానికి బండి ఉండదన్నమాట. మిగిలేది మళ్లీ ఉప్పుమూటే, ఈసారి నిద్రలో ఉన్న ఉప్పు, రెట్టింపు బరువు.

అందుకని మా ఆవిడ కుట్టుమిషన్ టేపుతో మిమ్మల్ని కొలిచింది. 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటితే లోపలికి రానివ్వరు, 2019 నుంచి అదీ రూలు. మీరు సుఖంగా పడతారు. మీ పక్కనున్న చీటీ మీద 50 పౌండ్ల దాకా మోస్తారని ఉంది, అంటే దగ్గర దగ్గర ఇరవై మూడు కిలోలు. ఇంకో రెండు కిలోలు వెసులుబాటు ఉంది గానీ, బావమరిది ఇంట్లో వారం భోజనాల తర్వాత పూచీ నాది కాదు. రైడ్ ఎక్కేముందు మిమ్మల్ని బయట వదిలెయ్యాలి. అక్కడి సిబ్బంది బళ్లన్నీ వరసలు సర్ది పెడుతుంటారు కాబట్టి వదిలిన చోటే దొరుకుతారన్న భరోసా లేదు. గుర్తు కోసం అమ్మ పాత గద్వాల చీర అంచు మీ చేతికి కట్టాం. బాగా నప్పింది.

మీ వంశం గురించి కూడా కాస్త చదివాను. 1733లో ఇంగ్లండులో విలియం కెంట్ అనే ఆయన డెవన్‌షైర్ డ్యూక్ గారి పిల్లల కోసం మొదటి బండి చేశాడట. దాన్ని లాగేది మేకో, పొట్టి గుర్రమోనట. ఇంత తేలిగ్గా ముడుచుకునే మీ గొడుగు అవతారం మాత్రం 1965 నాటిది. ఓవెన్ మెక్లారెన్ అనే విమానాల ఇంజనీరు, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసినాయన, మనవరాలి బండి బరువుతో కూతురు పడే అవస్థ చూడలేక అల్యూమినియంతో తయారుచేశాడు. ఇది నాన్నకి చదివి వినిపించాను. “కనిపెట్టింది ఒక తాతయ్య, నాన్నా” అన్నాను. ఆయన టీవీ సౌండు పెంచాడు.

అయినా, తాతయ్య కనిపెట్టిన బండిలో కూర్చునేది ఒక్క మనవరాలేనా? మీ కింది బుట్టలో ఏమేం పెట్టాలో మా ఆవిడ రాసిన జాబితా చూశాను. నాలుగు నీళ్ల సీసాలు, పులిహోర డబ్బా, రెయిన్‌కోట్లు, నాన్న మందులు, అమ్మ షాలు, నా పవర్ బ్యాంకు. అందులో పిల్లది ఒక్క టోపీ.

ఎగతాళి కాకుండా ఒక్క మాట. మా కాలనీలో తొమ్మిదేళ్ల బాబుని వాళ్లమ్మ జూకి బండిలోనే తీసుకెళ్తుంది. వాడికి నడక వచ్చు, రానిది జనాన్నీ గోలనీ తట్టుకోవడం. అందరూ తేరిపార చూస్తారు, ఆవిడ ఎవరికీ జవాబు చెప్పదు. అలాంటి పిల్లల స్ట్రోలర్‌ని వీల్‌చెయిర్‌గా లెక్కగట్టి డిస్నీలో ఒక ట్యాగు ఇస్తారు. లిఫ్టులో ఆంటీ గారు నన్నడిగినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది. నన్నడిగింది ఒక్కసారే కదా.

వీల్‌చెయిర్ అంటే జ్ఞాపకం వచ్చింది. అసలీ ఉత్తరం రాయడానికి కారణం ఇందాక జరిగిన సంభాషణ. నాన్న రోజూ తెల్లవారుజామున కేబీఆర్ పార్కు చుట్టూ ఒక రౌండు వేస్తాడు. వానొచ్చినా మానడు, వచ్చాక అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎన్ని అడుగులేశాడో పెడతాడు. అలాంటి మనిషి పడుకోబోయే ముందు నా గదిలోకొచ్చి, తలుపు దగ్గరగా వేసి, “శంషాబాద్‌లో నాకూ అమ్మకీ వీల్‌చెయిర్ పెట్టమన్నాను, పెట్టావా?” అన్నాడు.

“పెట్టాను నాన్నా.”

“కాళ్ల కోసం కాదురా. అక్కడ లైన్లూ ఇంగ్లీషూ... అందరూ పెట్టుకుంటారు.”

“అవును నాన్నా.”

బాల్కనీ తలుపు తీసే ఉంది. మీరు వినే ఉంటారు. మీరూ నేనూ ఏమీ అనలేదు.

గురువారం రాత్రి ప్రయాణం. ఉల్లిపాయలు తీసేశాను. చక్రాలకి కొబ్బరినూనె రాశాను, కిర్రుమనకండి. విమానాశ్రయంలో మూడు బళ్లు ఒకే వరసలో వెళ్తాయి. నాన్నది ముందు, అమ్మది వెనక, మీరు మధ్యలో. నడిచేది నేనూ మా ఆవిడా.

ఇట్లు,
తమ విధేయుడు,
ఉప్పుమూట మోసినవాడు.

తా.క.: ఇందాక అమ్మాయి వచ్చి మీలో కూర్చుని చూసింది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. దిగి, గౌనుకంటిన ఉల్లిపొట్టు దులుపుకుని, “వాసనొస్తోంది” అని ముక్కు మూసుకుని వెళ్లిపోయింది. రేపు ఎండలో పెడతాను. ఏమీ అనుకోకండి.