నోట్లో పచ్చసొన

సరిగ్గా లంచ్ టైములో ఆరోగ్య ఉపన్యాసం పెట్టాలన్న ఆలోచన మా హెచ్ఆర్‌లో ఎవరికి వచ్చిందో తెలియదు. ఎవరికి వచ్చినా వాళ్లు మాత్రం ముందే తినేసి ఉంటారు. హాజరు తప్పనిసరి, హాల్లో టిఫిన్ డబ్బాలు తెరవకూడదు. నేను వెనక వరసలో గోడ పక్కన కూర్చుని ఒళ్లో డబ్బా తెరిచాను. అందులో ఉడికించిన గుడ్లు. నేపథ్యం ఇంతే.

డైటీషియన్ గారు తెల్ల కోటు వేసుకుని వచ్చారు. ఉపన్యాసానికి కోటెందుకో మరి. తెర మీద సగానికి కోసిన గుడ్డు బొమ్మ, పచ్చసొన మీద ఎర్రటి ఇంటూ గుర్తు. "తెల్లసొన అమృతం, పచ్చసొన విషం. రాసుకోండి" అన్నారు. ముందు వరసవాళ్లు నిజంగానే రాసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. అప్పటికి తెల్లసొన తినేశాను. మిగిలిన పచ్చసొనను నిరసనగా మొత్తం ఒకేసారి నోట్లో వేసుకున్నాను.

"వెనక గోడ పక్కన కూర్చున్న సర్! మీరు చెప్పండి. రోజూ గుడ్డు తింటారా? పచ్చసొన ఏం చేస్తారు?"

మైకు ముందు వరస నుంచి చేతులు మారుతూ బయల్దేరింది.

బాగా ఉడికిన పచ్చసొన సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. నమిలిన కొద్దీ పిండవుతుంది. నోట్లో ఉన్న తడంతా పీల్చేసుకుని అంగిట్లో అతుక్కుంటుంది. మింగుదామంటే దిగదు, ఉమ్ముదామంటే చోటుండదు. నాది మరీ ఎక్కువసేపు ఉడికింది, చుట్టూ ఆకుపచ్చ వలయం కూడా కట్టింది. తెల్లసొనలోంచి పుట్టే గంధకపు వాయువు పచ్చసొనలోని ఇనుముతో కలిస్తే వచ్చే రంగు అది. ఆరోగ్యానికేం హాని లేదు. పక్క సీటు ఆయన మాత్రం అప్పటికే ముక్కు మీద కర్చీఫ్ పెట్టుకున్నాడు.

మైకు నాలుగో వరసకు వచ్చింది. నోరు మూతపడ్డప్పుడే మాటలు తన్నుకొస్తాయి. నాలోపల ఎంత అద్భుతమైన ప్రసంగం సాగిందో ఆ హాల్లో ఒక్కరికీ తెలియదు.

మేడమ్, ఈ గొడవంతా 1913లో మొదలైంది. రష్యాలో అనిచ్‌కోవ్ అనే శాస్త్రవేత్త కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపిస్తే వాటి రక్తనాళాల్లో అది పేరుకుంది. పేరుకోక ఏం చేస్తుంది? గడ్డి తిని బతికే జీవి అది, పుట్టి బుద్ధెరిగాక కొలెస్టరాల్ మొహం చూడలేదు. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారానికి మూడు పచ్చసొనలు దాటొద్దంది. రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ దాటొద్దని లెక్క పెట్టింది. ఒక పెద్ద గుడ్డులోనే సుమారు 186 ఉంటుంది, అదంతా పచ్చసొనలోనే. లోకమంతా తెల్లసొన ఆమ్లెట్లు వేసుకుని ఏడ్చింది. చివరికి 2015–2020 అమెరికా ఆహార మార్గదర్శకాల్లో ఆ 300 అంకెను తీసేశారు. వీలైనంత తక్కువే తినండని ఓ ముక్క మాత్రం అంటించారు, ఎందుకైనా మంచిదని. మన ఒంట్లో కొలెస్టరాల్ ఎక్కువ భాగం మన శరీరమే తయారుచేసుకుంటుంది మేడమ్. చాలామందిలో అది పెరగడానికి గుడ్డు కన్నా సంతృప్త కొవ్వుల పాత్రే ఎక్కువ.

మైకు ఆరో వరసలో ఆగింది. ఎవరో దాన్ని ఊది చూస్తున్నారు. ఊదండి నాయనా, తీరిగ్గా ఊదండి.

1991లో ఒక వైద్య పత్రికలో 88 ఏళ్ల పెద్దాయన గురించి వచ్చింది. రోజుకు 25 గుడ్లు తినేవాడు, రక్తంలో కొలెస్టరాల్ మాత్రం మామూలుగానే ఉంది. ఆయన శరీరం పీల్చుకునేదే తక్కువ. అందరి ఒళ్లూ అలా ఉండదనుకోండి. 2019లో ఒక పెద్ద అధ్యయనం గుడ్లు ఎక్కువైతే గుండెకు ముప్పు పెరుగుతుందంది, 2020లో మరొకటి రోజుకొకటి దాకా తేడా కనిపించలేదంది. షుగర్ ఉన్నవాళ్లు, చెడు కొలెస్టరాల్ బాగా ఎక్కువున్నవాళ్లు డాక్టర్నడిగి తినాలి, ఒప్పుకుంటాను. మిగతావాళ్లకు రోజుకో గుడ్డు విషమెలా అవుతుంది? విటమిన్ డి, బి12, కోలిన్ ఉండేది మీరు ఇంటూ గుర్తు పెట్టిన ఆ పసుపుపచ్చ ముద్దలోనే కదా!

మైకు నా మూతి ముందుకు వచ్చింది.

తల ఊపాను. "తల ఊపితే రికార్డింగ్‌లో పడదు సర్" అన్నారావిడ. హాలంతా వెనక్కి తిరిగింది. "మ్మ్" అన్నాను.

"అంటే తెల్లసొన మాత్రమేనా?"

ఇక్కడ కాదని అడ్డంగా ఊపాలి. నా మెడ ఎటు ఊగిందో నాకే స్పష్టంగా తెలియదు. గొంతుకు అడ్డం పడ్డదాన్ని దించే ప్రయత్నంలో ఉంది పాపం. ఆవిడ దాన్ని అవునుగా తీసుకున్నారు. "చూశారా! ఈ వయసులో ఎంత క్రమశిక్షణ! సర్‌కి చప్పట్లు కొట్టండి!" అందరూ కొట్టారు. పచ్చసొన మానేసిన ఆదర్శమూర్తిగా, బుగ్గలో పచ్చసొన పెట్టుకుని లేచి నిలబడి నమస్కారం పెట్టాను. ఈ వయసులో అంటే ఏ వయసులోనో ఇప్పటికీ అర్థం కాలేదు.

అక్కడితో వదలొచ్చు కదా. "మానేశాక మీకు ఎలా అనిపిస్తోంది? రెండు ముక్కల్లో చెప్పండి" అన్నారు.

"పచ్చసొన" అని మొదలుపెట్టబోయాను. మొదటి అక్షరానికే పొడంతా బయటికొచ్చింది. మైకు నల్లటి స్పాంజి పసుపుపచ్చగా మారింది. కొంత ముందు సీటాయన బట్టతల మీద సన్నగా రాలింది. ఆయన చేత్తో తడిమి, వాసన చూసుకుని, "గుడ్డు" అని ప్రకటించారు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

నీళ్ల కోసం బయటికి పరుగెత్తాను.

సాయంత్రం హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. కార్యక్రమం చివర్లో సంతకాలు తీసుకున్నారట, నా సంతకం లేదు కాబట్టి నేను హాజరు కానట్టే లెక్కట. రెండో బ్యాచ్ శుక్రవారం. అదే వక్త, అదే హాలు, అదే లంచ్ టైము.