వెలుతురుకు ఎత్తి చూడలేని ముద్ర

కిరాణా కొట్టులో 500 నోటు ఇచ్చినప్పుడు అనుమానం వస్తే కొట్టాయన ఏం చేస్తాడు? ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూస్తాడు. గాంధీ బొమ్మ కనిపిస్తే గల్లాలో వేసుకుంటాడు. రిజర్వు బ్యాంకుకు ఫోన్ చేయడు, ఎవరి అనుమతీ అడగడు. 1282 నాటికే ఇటలీలోని ఫాబ్రియానో కాగితాల్లో ఉన్న ఈ వాటర్‌మార్క్, అంటే కాగితంలోనే దాగిన ముద్ర, ఇన్ని శతాబ్దాలు నిలిచిందంటే కారణం ఒకటే. వేయడం కష్టం, చూడడం తేలిక.

ఇప్పుడు ఏఐ బొమ్మల్లో, అవి ఏఐ చేసినవని తెలియడానికి దాస్తున్న డిజిటల్ వాటర్‌మార్క్ దీనికి సరిగ్గా తలకిందుల వ్యవహారం. వేసేది కంపెనీ, చదివేదీ ఆ కంపెనీయే. మనం నమ్మాలి, అంతే.

అందులోని పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. మామూలు ఫొటోలో ప్రతి చుక్క రంగూ 0 నుంచి 255 లోపు అంకెలే. 200ను 201 చేస్తే ఏ కన్నూ పట్టుకోలేదు. అలా అంకెలోని చివరి బిట్లలో, అంటే విలువను ఇసుమంతే మార్చే చోట, రహస్యం దాచడం పాత పద్ధతి. కానీ ఆ ఫొటో ఒక్కసారి వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిందంటే, సైజు తగ్గించేటప్పుడు ముందు చెదిరేది ఆ చివరి బిట్లే. అందుకే 1990ల నుంచి ముద్రను బొమ్మంతటా, ఫొటో సైజు కుదించే జేపెగ్ పద్ధతి కూడా వదిలేయలేని చోట్ల పలచగా పరుస్తున్నారు. ఒకచోట పాతిన లంకెబిందెను తవ్వుకుపోవచ్చు గానీ, పొలమంతా చల్లిన గింజలు ఏరడం కష్టం. 2023 ఆగస్టులో గూగుల్ తెచ్చిన సింథ్‌ఐడీ ఇదే ఆలోచనకు కొత్త తరం. ముద్ర వేసే పనీ, చదివే పనీ ఉదాహరణల నుంచి నేర్చుకున్న ప్రోగ్రాములే, అంటే న్యూరల్ నెట్‌వర్కులే చేస్తాయి.

2025 నవంబరు నుంచి గూగుల్ జెమినై యాప్‌లో ఫొటో పెట్టి అడిగితే సింథ్‌ఐడీ ఉందో లేదో చెబుతోంది. మంచిదే. కానీ లేదని చెబితే? ఆ ఫొటో అసలుదని కాదు. ముద్ర వేయని టూల్‌తో చేసి ఉండొచ్చు, ఉన్నది తుడిచేసి ఉండొచ్చు. 2022లో వచ్చిన, బొమ్మలు గీసే ఏఐ స్టేబుల్ డిఫ్యూజన్ కోడ్‌లో కూడా వాటర్‌మార్క్ వేసే ఏర్పాటు ఉంది. కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి ఆ ముక్క తీసేస్తే సరి. రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో 2023 నవంబరులో ఎంత కలకలం రేపిందో తెలిసిందే. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి ఒకరిని అరెస్టు చేశారు. దారి చూపింది సోషల్ మీడియా ఖాతాల వడపోత, దాచిన ముద్ర కాదు.

చదివే సాధనాన్ని అందరి చేతుల్లో పెడితే దొంగ ముద్ర తుడుస్తాడు, పోయిందో లేదో చూసుకుంటాడు, పోయేదాకా తుడుస్తూనే ఉంటాడని ఇంజినీర్లు అంటారు. నిజమే. అయితే దాచిపెట్టినప్పుడు మాత్రం ఆగాడా? 2000లో సంగీత కంపెనీల కూటమి ఎస్‌డీఎంఐ పాటల్లో దాచే తన వాటర్‌మార్కులను ఛేదించండని సవాలు విసిరితే, ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్ బృందం మూడు వారాల గడువులోనే ఛేదించామంది. పరిశోధన బయటపెట్టబోతే మరుసటి ఏడాది వచ్చింది చప్పట్లు కాదు, కోర్టు చర్యల బెదిరింపు.

దొంగ ఎలాగూ తుడుచుకుంటాడు. మరి ఈ ముద్ర ఎవరి ఒంటి మీద మిగులుతుంది? తన ఫొటోలో ఏదో ఉందని తెలియనివాడి మీద. చాలా రంగుల లేజర్ ప్రింటర్లు ప్రతి పేజీ మీదా కంటికి ఆనని పసుపు చుక్కలు వేస్తాయి. దొంగనోట్ల ముఠాల కోసమన్నారు. 2005లో డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆ చుక్కలను చదివి చూస్తే ప్రింటరు సీరియల్ నంబరు, తేదీ, సమయం బయటపడ్డాయి. కొన్నవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు! 2017లో అమెరికాలో రియాలిటీ విన్నర్ అనే కాంట్రాక్టు ఉద్యోగిని, తమ ఎన్నికల్లో రష్యా జోక్యంపై రహస్య నివేదికను పత్రికకు పంపింది. అచ్చయిన ఆ పేజీల మీద కూడా అవే చుక్కలు. ఆమెను పట్టించింది ప్రధానంగా ఎవరు ప్రింట్ తీశారో చెప్పే ఆఫీసు లాగ్‌లే అనుకోండి, అయినా కాగితం తనవంతుగా సాక్ష్యం మోసుకునే తిరిగింది. ఆమెకు ఐదేళ్ల మూడు నెలల జైలు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2025 అక్టోబరు నాటి నిబంధనల ముసాయిదాలో కేంద్రం రెండు కోరింది: ఏఐ బొమ్మ మీద 10 శాతం చోటు నిండేలా లేబుల్, లోపల శాశ్వత గుర్తు. 2026 ఫిబ్రవరిలో వచ్చిన తుది నిబంధనల్లో లేబుల్ ఉంది గానీ 10 శాతం కొలత ఎగిరిపోయింది. లోపలి గుర్తు మాత్రం సాధ్యమైనంత మేరకు ఉండాల్సిందే. మనకు కనబడేది వదులైంది, కనబడనిది నిలిచింది.

ఆ గుర్తు ఇవాళ బొమ్మ చేసిన టూల్ వరకే. రేపు దానికి ఫోన్ నంబరు తగిలించడం ఒక్క సవరణ పని. మండల ఆఫీసులో లంచం ఫొటో తీసి, పక్కనున్నవారి ముఖాలు ఏఐతో మసకబార్చి పంపిన కుర్రాడి సంగతి అప్పుడేమిటి? గుర్తులో ఏం రాస్తున్నారో బయటపెట్టాలి, మనిషి ఆనవాలు అందులో ఉండకూడదని రాతపూర్వకంగా చెప్పాలి, నెట్ లేని ఫోన్లో కూడా ఎవరైనా దాన్ని చదువుకోగలగాలి. ఈ మూడింటిలో ఒక్కటీ నిబంధనల్లో నాకు కనబడలేదు.