పౌండుకో బౌల్: క్వీన్స్ మార్కెట్ మీద ఒక వాదోపవాదం

లండన్‌కు తూర్పు వైపున ఉండే న్యూహామ్ మన తెలుగువాళ్ళకు కొత్త చోటు కాదు. చదువుకని వచ్చిన పిల్లలు చాలామంది ముందు ఈస్ట్ హామ్‌లోనే గది వెతుక్కుంటారు. పక్కనే అప్టన్ పార్క్ ట్యూబ్ స్టేషన్, దాన్ని ఆనుకుని క్వీన్స్ మార్కెట్. దాన్ని పడగొట్టి కొత్త మార్కెట్ హాలు, షాపులు, 350 ఫ్లాట్లు, 31 అంతస్తుల టవర్ కట్టాలని అక్కడి కౌన్సిల్, సెయింట్ మాడ్వెన్ అనే డెవలపర్ కలిసి ప్లాన్ వేశారు. మొదట్లో అందులో ఆస్డా సూపర్‌మార్కెట్ కూడా ఉంది. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు కలిసి 'ఫ్రెండ్స్ ఆఫ్ క్వీన్స్ మార్కెట్' పేరుతో ఏళ్ళ తరబడి సంతకాలు సేకరించారు, సభలు పెట్టారు. 2006లో ఆస్డా తప్పుకుంది. 2009లో అప్పటి లండన్ మేయర్ బోరిస్ జాన్సన్ ఆ ప్లాన్‌ను తిరస్కరించారు. మార్కెట్ నిలిచింది.

ఆ పోరాటం మంచిదేనా అన్నది కొన్ని ఇళ్ళలో ఇంకా తెగని వాదన. దాన్ని ఇద్దరి నోట పెట్టి రాస్తున్నాను. బాబాయిది విజయవాడ, ఇక్కడ భవన నిర్మాణ కాంట్రాక్టుల లెక్కలు చూస్తాడు. అమ్మాయి హైదరాబాద్ కోఠిలో పెరిగింది, 2008లో స్టూడెంట్‌గా వచ్చింది, ఇప్పుడు నర్సు. నేను అమ్మాయి పక్షం. అయినా బాబాయి మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి కాబట్టి మొదటి మాట ఆయనకే ఇస్తున్నాను.

బాబాయి: మార్కెట్‌ను కాపాడాం అని సంబరపడ్డారు. ఏం కాపాడారు తల్లీ? అరవైల నాటి కాంక్రీటు షెడ్డు. పట్టపగలు లైట్లు వేసుకోవాలి. చేపల వరస దాటేటప్పుడు మీ పిన్ని చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడుస్తుంది. ప్లాన్‌తో పాటు బాగుచేసే డబ్బు కూడా వెనక్కి పోయింది. కొత్త కప్పు, కొత్త డ్రైనేజీ ఊరికే వస్తాయా? ఎవరో ఒకరు పెట్టుబడి పెట్టాలి. పెడతానన్నవాణ్ణి మీరు తరిమేశారు.

అమ్మాయి: చీకటి నిజం, తడి నిజం. కానీ ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా బాబాయ్? మీరు కాంట్రాక్టు లెక్కలు చూసే మనిషి, మీరే చెప్పండి. కొత్త హాలు, అద్దాల గోడలు, లిఫ్టు, సెక్యూరిటీ. వీటన్నిటి ఖర్చు చివరికి ఎవరి అద్దెలో కలుస్తుంది?

బాబాయి: సర్వీస్ చార్జీలో కలుస్తుంది. అందులో దాచేదేముంది? మంచి చోటు కావాలంటే మంచి ధర కట్టాలి.

అమ్మాయి: ఆ ధర కట్టేది నా బౌల్ అతను.

బాబాయి: ఎవరతను?

అమ్మాయి: నేనొచ్చిన కొత్తలో చేతిలో వారానికి పది పౌండ్లు మిగిలితే గొప్ప. శనివారం సాయంత్రం క్వీన్స్ మార్కెట్‌కు వెళ్ళేదాన్ని. బల్ల మీద వరసగా స్టీలు బౌల్స్, ఒక్కోదాంట్లో ఒక కూర. వంకాయలు, బెండకాయలు, పచ్చిమిరపకాయలు, దొండకాయలు. ఏదైనా పౌండే. వేలు చూపిస్తే చాలు, పల్చటి నీలం కవర్ తెరిచి బౌల్ బోర్లించేవాడు. ఒకరోజు ఎర్ర తోటకూర కట్ట చూసి 'తోటకూర!' అని అరిచేశాను. అతను బంగ్లాదేశ్ మనిషి. 'లాల్ శాక్' అన్నాడు. నేను తోటకూర అన్నాను. మళ్ళీ లాల్ శాక్ అన్నాడు. తర్వాతి వారం నన్ను చూడగానే, 'ఆపా, తోటకురా' అన్నాడు. ఆపా అంటే అక్క. మార్కెట్ మూసే వేళకు అదే కట్ట సగం ధరకు ఇచ్చేవాడు. ఆ ఏడాది నేను ఆకుకూర తిన్నానంటే అతని వల్లే.

బాబాయి: బాగుంది. కానీ నీ జ్ఞాపకం కోసం ఊరంతా పాత షెడ్డులో ఉండాలా? ఇప్పుడు లిడ్ల్ ఉంది, ఆల్డీ ఉంది. చవగ్గా దొరకడం ఎవరి సొత్తూ కాదు.

అమ్మాయి: నా జ్ఞాపకం పక్కన పెట్టండి, లెక్కకే వద్దాం. న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ అనే సంస్థ 2006లో ఈ మార్కెట్ మీద అధ్యయనం చేసింది. ఒకే రకం సరుకుల బుట్ట నింపి చూస్తే ఆస్డాలో కంటే ఇక్కడ దాదాపు సగం ధరకే వచ్చింది. చదరపు మీటరుకు సూపర్‌మార్కెట్ ఎంతమందికి పని ఇస్తుందో, ఈ మార్కెట్ అంతకు రెండింతల మందికి ఇస్తోందని కూడా తేల్చింది. మీకు షెడ్డుగా కనిపించేది వందల మందికి జీతం.

బాబాయి: అది 2006 నాటి లెక్క.

అమ్మాయి: ధరలు మారాయి, ఒప్పుకుంటాను. అమ్మే పద్ధతి మారలేదు. సూపర్‌మార్కెట్లో నాలుగు బెండకాయలు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇస్తారు. నాకెన్ని కావాలో వాడు ముందే తేల్చేశాడన్నమాట. ఇక్కడ సగం బౌల్ అడగొచ్చు. నిన్నటి మిగులు అడగొచ్చు. డబ్బు తక్కువైతే 'గురువారం ఇస్తా' అనొచ్చు. మార్కెట్ నడిచేది మంగళ, గురు, శుక్ర, శనివారాలు. మంగళవారం బాకీ గురువారానికి తీరుతుంది. సెల్ఫ్ చెకౌట్ మిషన్‌తో ఆ మాట అని చూడండి.

బాబాయి: సరే, కూరలు వదిలేద్దాం. ఇళ్ళ సంగతేంటి? న్యూహామ్‌లో ఒక్క గదిలో నలుగురు పడుకునే కుటుంబాలున్నాయి, నర్సువి, నాకంటే నీకే బాగా తెలుసు. ఇళ్ళ కోసం జనం ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. 350 ఫ్లాట్లు కడతామంటే అడ్డం పడ్డారు. వంకాయ బౌల్ కోసం ఒకడి తల మీద కప్పు తీసేసినట్టు కాదా?

(ఇక్కడ అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకూ గొంతులో ముద్ద అడ్డం పడినట్టే ఉంటుంది. మార్కెట్ కావాలనేవాళ్ళు దీన్ని తప్పించుకుని పోకూడదు.)

అమ్మాయి: మీరన్న కుటుంబాలను నేను వార్డులో చూస్తాను. గోడకు చెమ్మ, పిల్లకు ఆస్తమా. మందులిచ్చి మళ్ళీ ఆ గదికే పంపిస్తాం. కాబట్టి ఇల్లు అక్కర్లేదని నేను అనలేను. అక్కడ కట్టే ఫ్లాట్‌లో ఆ పిల్ల ఉంటుందా అన్నదే నా ప్రశ్న. మార్కెట్‌కు ఐదు నిమిషాల నడకలో వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ మైదానం ఉండేది. 2016లో క్లబ్బు స్ట్రాట్‌ఫోర్డ్‌కు వెళ్ళిపోయింది. ఆ స్థలంలో ఎనిమిది వందలకు పైగా ఫ్లాట్లు లేచాయి. మొదటి ప్లాన్‌లో మామూలు జనానికి అందే ఇళ్ళు వందకు ఆరే. జనం గట్టిగా అడిగాకే ఆ సంఖ్య పెరిగింది. అంటే స్థలం దొరికినంత మాత్రాన ఆ పిల్లకు ఇల్లు దొరకలేదు. అడిగేవాళ్ళుంటేనే దొరికింది.

బాబాయి: వందకు ఆరైనా ఆరు ఇళ్ళే కదా.

అమ్మాయి: ఆరు ఇళ్ళు ఇచ్చి, ఆ ఇళ్ళవాళ్ళు కూరలు కొనుక్కునే చోటు తీసుకుంటే?

బాబాయి: తీసుకోమనలేదుగా, కొత్త హాలు కడతామన్నారు. ఇంకో మాట చెబుతాను విను. సంప్రదాయం, వారసత్వం అని మీవాళ్ళు పెద్ద మాటలు వాడతారు. అసలు ఈ మార్కెట్ పుట్టింది క్వీన్స్ రోడ్డు మీద, వందేళ్ళ కిందటి వీధి సంత. అరవైల్లో కౌన్సిలే దాన్ని వీధిలోంచి లేపి ఈ షెడ్డులో పెట్టింది. ఒకసారి కదిలింది, బతికింది. రెండోసారి కదిలితే చస్తుందా? మన దగ్గర చూడు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు పెట్టారు. ప్రభుత్వమే స్థలం ఇచ్చి, షెడ్లు వేసి, ధరల బోర్డు కట్టింది. మా అమ్మ కాళేశ్వరరావు మార్కెట్ వదిలి రైతు బజార్‌కు పోయేది. ప్లాన్ వేసి కడితే మంచి మార్కెట్ రాదని ఎవరన్నారు?

అమ్మాయి: నా మాట మీరే చెప్పారు. రైతు బజార్‌లో మధ్య దళారిని తీసేసి రైతును కూర్చోబెట్టారు. అక్కడ అమ్మేవాడికి ఖర్చు తగ్గింది. ఈ ప్లాన్‌లో అమ్మేవాడికి ఖర్చు పెరుగుతుంది, పైగా మొదట్లో పక్కన సూపర్‌మార్కెట్‌నే తెచ్చి పెట్టాలనుకున్నారు. అరవైల్లో వీధి నుంచి లోపలికి వెళ్ళినప్పుడు కూడా బజారు బజారుగానే వెళ్ళింది, స్థలం కౌన్సిల్ చేతిలోనే ఉంది. గోడలు మారితే నాకు బాధ లేదు బాబాయ్. కాంక్రీటు మీద నాకేం ప్రేమ? రేపు కొత్తగా ఊళ్ళోకి దిగినవాడు నాలుగు పెట్టెల టమాటాలతో బల్ల అద్దెకు తీసుకోగలగాలి. ఆ అద్దె అందుబాటులో ఉన్నంతకాలం అది మార్కెట్. అందకుండా పోయిన రోజున ఎంత అందంగా కట్టినా అది షాపింగ్ సెంటర్.

బాబాయి: మీ సుల్తాన్ బజార్‌లో కూడా ఇలాగే మాట్లాడారు. మెట్రో వస్తే బజార్ పోతుందని వ్యాపారులు ఏళ్ళ తరబడి గొడవ చేశారు. చివరికి 2020 ఫిబ్రవరిలో ఆ దారినే రైలు నడిచింది. స్టేషన్‌కు సుల్తాన్ బజార్ అనే పేరు పెట్టారు. దసరాకు వెళ్ళి చూడు, కాలు పెట్టే సందుందేమో.

అమ్మాయి: చూశాను. అమ్మతో గాజులు కొన్న సందు, తల పైన మెట్రో పిల్లర్లు. బజార్ నడుస్తోంది, కాదనను. కానీ రెండు తేడాలున్నాయి. మెట్రో ఎక్కేది జనం, 31 అంతస్తుల టవర్ ఎక్కేది కొన్నవాళ్ళు. జనం పని కోసం స్థలం అడిగితే ఒక లెక్క, అమ్మకానికి కట్టే ఫ్లాట్ల కోసం అడిగితే ఇంకో లెక్క. రెండోది, ఎక్కడైనా పరిహారం కాగితం ఉన్నవాడికి వస్తుంది. జడపిన్నులు, రిబ్బన్లు గొడుగు కింద పరుచుకున్న ఆవిడకు కాగితం ఎక్కడిది? మన 2014 వీధి వ్యాపారుల చట్టం ఇది గుర్తించింది. యాభై ఏళ్ళు దాటిన సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్ళను కదిలించకూడదని అందులో ఉంది. లండన్‌లో అలాంటి మాట లేదు. అందుకే ఇక్కడ సంతకాల మీద సంతకాలు పెట్టించాల్సి వచ్చింది.

బాబాయి: చట్టంలో ఉంటే సరా? విజయవాడలో, హైదరాబాద్‌లో పొద్దున్నే లారీ వచ్చి తోపుడు బళ్ళు ఎత్తుకుపోవడం ఆగిందా?

అమ్మాయి: ఆగలేదు. ఎత్తుకుపోతే అడగడానికి ఒక ఆధారం మాత్రం దొరికింది.

బాబాయి: ఇంకొకటి కూడా ఒప్పుకో. మేయర్ తిరస్కరించింది ప్రధానంగా టవర్ ఎత్తు, దాని రూపం ఆ చోటికి తగవని. మీ సంతకాలు చూసి కాదు.

అమ్మాయి: కావచ్చు. కానీ ఆ ఫైలు 2009 దాకా ఆయన బల్ల మీదకు రాకుండా లాగింది ఎవరు? 2006లోనే పని మొదలై ఉంటే తిరస్కరించడానికి ఏం మిగిలేది? పోరాటం చాలాసార్లు గెలవదు, ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యంలో ఎవరో ఒకరు మళ్ళీ ఆలోచిస్తారు. పశ్చిమ లండన్‌లో షెపర్డ్స్ బుష్ మార్కెట్ సంగతీ అంతే. స్థలం బలవంతంగా తీసుకోవడానికి మంత్రి ఒప్పుకున్నాడు, 2016లో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. అక్కడి వ్యాపారులకు రక్షణ ఉంటుందని మంత్రి ఎలా నమ్మాడో సరైన కారణాలు చెప్పలేదంది. నేను మిమ్మల్ని అడిగేదీ అదే. రక్షణ ఉంటుందంటున్నారు, ఏ కాగితంలో ఉంది?

బాబాయి: కాగితంలో లేనిది నేను నమ్మను. నా ఉద్యోగమే అది.

అమ్మాయి: మరి?

బాబాయి: సరే. పాత అద్దె ఇన్నేళ్ళు పెంచకూడదని, పాతవాళ్ళకే మొదటి చోటు అని కాంట్రాక్టులో రాస్తే, నీకు కొత్త హాలు ఇష్టమేనా?

అమ్మాయి: రాస్తే ఇష్టమే. కానీ టవర్ లేకుండా. దాని పునాది తవ్వడానికి మొత్తం ఖాళీ చేయించాలి. మార్కెట్ పైన హమారా ఘర్ అనే వృద్ధుల ఇళ్ళల్లో పెద్దవాళ్ళున్నారు. చలికాలంలో వాళ్ళలో కొందరికి రోజంతటిలో మాట దొరికేది కింద కూర తీసుకునే ఆ పది నిమిషాలే. కప్పు మార్చండి, లైట్లు వేయండి, కాలువలు బాగుచేయండి. సగం సగంగా చేయండి. కౌన్సిల్ డబ్బు పెట్టాలి. ఇన్నేళ్ళు అద్దె తీసుకున్నది కౌన్సిలే కదా.

బాబాయి: సగం సగంగా చేస్తే ఖర్చు ఎక్కువ, టైమ్ ఎక్కువ. అది వదిలెయ్, నేను సర్దుకుంటాను. ఒక్కటి చెప్పు. కప్పు తీసినన్నాళ్ళు ఆ బల్లలన్నీ ఎక్కడ పెడతావు? ఒక నెల అమ్మకపోతే నీ బౌల్ అతను మళ్ళీ రాడు. లెక్కలో నాకు అడ్డం పడేది ఆ ఒక్క గడే.

అమ్మాయి: క్వీన్స్ రోడ్డు మీద పెడదాం. మొదట కూర్చున్నది అక్కడేనని ఇందాక మీరే అన్నారు.

బాబాయి: రోడ్డు మూయాలి కదా.

అమ్మాయి: వారానికి నాలుగు రోజులు.

బాబాయి జేబులోంచి పెన్ను తీశాడు. టిష్యూ పేపర్ మీద స్టేషన్ గీశాడు, గ్రీన్ స్ట్రీట్ గీశాడు, పక్కన క్వీన్స్ రోడ్డు గీసి, బల్లకు ఎన్ని అడుగులు కావాలని అడిగాడు.