గేమ్ మోడ్ ఆపేయమంటున్న ఆ మెసేజ్ ఇక పంపకండి

"గేమింగ్‌కి టీవీ కొంటున్నారా? షోరూం వాళ్లు చెప్పని ఏడు రహస్యాలు" అనే వాట్సాప్ మెసేజ్ మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. నాకు కాలేజీ స్నేహితుల గ్రూపులో వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. విశాఖ సీతమ్మధారలో ఉండే మా పిన్ని కొడుకు కూడా పంపి, "అన్నయ్యా, ఇది చదివి నాకో టీవీ చెప్పు" అన్నాడు. ఒక చోట తప్పు అని చెప్పేలోపు ఇంకో చోట ప్రత్యక్షమవుతోంది. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

మెసేజ్ చూడనివాళ్ల కోసం ఆ ఏడూ క్లుప్తంగా: 8కే (4కే కన్నా నాలుగు రెట్లు చుక్కలున్న) టీవీ కొంటే ఆటలు 8కేలో కనిపిస్తాయి. మోషన్ రేట్ 240 అని ఉంటే అది 240 హెర్ట్జ్ (సెకనుకి 240 సార్లు బొమ్మ మార్చే) టీవీ. టీవీకి బొమ్మ, శబ్దం తెచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్‌కి బంగారు పూత ఉంటే రంగులు మెరుగవుతాయి. షోరూంలో ఏది బాగా మెరిస్తే అదే మంచి టీవీ, ఇంట్లోనూ దాన్ని వివిడ్ (రంగులు, వెలుగు బాగా పెంచే) మోడ్‌లోనే ఉంచాలి. గేమ్ మోడ్ (మెరుగులు తగ్గించి, ఆలస్యం లేకుండా బొమ్మ చూపించే సెట్టింగ్) బొమ్మను పాడుచేస్తుంది, దాన్ని ఆపేసి మోషన్ స్మూతింగ్ పూర్తిగా పెంచాలి. ఓఎల్ఈడీ (ప్రతి చుక్కా తనంతట తనే వెలిగే తెర) ఏడాదిలో మాడిపోతుంది, ఒకవేళ కొన్నా రోజూ రాత్రి గోడ దగ్గర స్విచ్ కట్టేయాలి. 32 అంగుళాలు దాటితే 28 శాతం జీఎస్టీ, పెద్ద టీవీ దండగ.

చివరిది ముందు తేల్చేద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద కూడా 18 శాతమే. పాత లెక్కను తేదీ కూడా చూడకుండా తిప్పుతున్నారు.

కేబుల్ మీద రెండు ముక్కలు చాలు. అందులో వెళ్లేది డిజిటల్ సిగ్నల్. కేబుల్ బాగోకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మ మధ్యమధ్యలో పోయి నల్లగా అవుతుంది. ఎరుపు మరింత ఎరుపు కావడం మాత్రం జరగదు. సోనీ గేమ్ కన్సోల్ పీఎస్5 పెట్టెలోనే దానికి కావలసిన అల్ట్రా హైస్పీడ్ కేబుల్ ఇస్తారు. అది వాడుకోండి.

8కే సంగతి. పీఎస్5 పెట్టె మీద మొదట్లో 8కే ముద్ర ఉండేది, 2024కల్లా సోనీయే దాన్ని తీసేసింది. పెద్ద ఆటల్లో చాలావాటికి 4కే అందుకోవడమే కష్టంగా ఉంది. లోపల తక్కువ రిజల్యూషన్‌లో గీసి, పెంచి చూపిస్తున్నాయి. పైగా 55 అంగుళాల 4కే తెర మీద ఒక్కో పిక్సెల్ (బొమ్మలోని చుక్క) వెడల్పు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. నాలుగడుగులు వెనక్కి జరిగితే మామూలు చూపుకి అవి విడివిడిగా కనబడవు. మన హాళ్లలో సోఫా ఉండేది ఎనిమిది, తొమ్మిది అడుగుల దూరంలో. ఆ దూరంలో 8కే కోసం డబ్బు పోయడం వృథా. అదే డబ్బు మంచి ప్యానెల్‌కి (తెరకి) పెట్టండి.

ఇక మోషన్ రేట్. ఇక్కడ మెసేజ్ రాసినవాళ్లనే అనలేను, కంపెనీలే ఈ గందరగోళం పెంచాయి. మోషన్ రేట్, ట్రూమోషన్, మోషన్‌ఫ్లో లాంటి పేర్ల పక్కన కనిపించే పెద్ద అంకెలు ప్యానెల్ వేగం కాదు. తెర వెనకుండే బ్యాక్‌లైట్‌ని ఆర్పి వెలిగించడం, మధ్యలో ఫ్రేములు (ఒక్కో విడి బొమ్మ) కల్పించడం, అన్నీ కలిపి వేసుకున్న అంకెలవి. చూడాల్సింది ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకి నిజంగా ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్నది. అది 60 ఉందా, 120 ఉందా, 144 ఉందా? కొన్ని తక్కువ ధర టీవీల్లో డీఎల్‌జీ అనే పద్ధతిలో 60 హెర్ట్జ్ ప్యానెల్‌నే 120గా నడిపిస్తారు. అప్పుడు నిలువు రిజల్యూషన్ సగానికి పడిపోతుంది. కదలిక నున్నగానే ఉంటుంది కానీ, అది అసలైన 4కే 120 కాదు.

హెచ్‌డీఎంఐ 2.1 (పాతదానికన్నా వేగమైన రకం) అన్న స్టిక్కర్ చూసి కూడా తృప్తి పడొద్దు. అందులోని సదుపాయాలన్నీ ఐచ్ఛికమే. 120 హెర్ట్జ్ లేని పోర్టుకి కూడా 2.1 అని రాసుకోవచ్చు. నాలుగు పోర్టులున్న టీవీల్లో రెండింటికే ఆ వేగం ఉండటం మామూలు. కొన్నిట్లో ఆ రెండింటిలో ఒకటి సౌండ్‌బార్ పెట్టే ఈఆర్క్ పోర్టే అవుతుంది. ఇంట్లో పీఎస్5, ఎక్స్‌బాక్స్, సౌండ్‌బార్ మూడూ ఉంటే కొనేముందే ఈ లెక్క వేసుకోవాలి. కొన్నాక టీవీ మెనూలో ఆ పోర్టుకి పూర్తి వేగం ఇవ్వడం కూడా మీ పనే. సోనీలో దాన్ని హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్ అంటారు, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో డీప్ కలర్. తర్వాత పీఎస్5 సెట్టింగ్స్‌లో వీడియో అవుట్‌పుట్ సమాచారం తెరిస్తే మీ టీవీ నిజంగా ఏమేం తీసుకుంటోందో కనిపిస్తుంది. సేల్స్‌మన్ మాట కన్నా, ఆ మెసేజ్ కన్నా ఆ పేజీని నమ్మండి.

ఐదో రహస్యం దగ్గరికి వద్దాం. గేమ్ మోడ్ ఆపి, మోషన్ స్మూతింగ్ పెంచమన్నది. నాకు అసలు కోపం దీని మీదే. మిగతావాటితో కొంత డబ్బు పోతుంది. ఈ సలహా పాటిస్తే డబ్బు పోసి కొన్న టీవీ ఆటకే పనికిరాకుండా పోతుంది, కారణం ఏమిటో తెలియను కూడా తెలియదు.

స్మూతింగ్ అంటే రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేముని టీవీ ఊహించి గీయడం. మొదటి ఫ్రేము వచ్చింది, మధ్యది గీయాలి. రెండోది రాకుండా మధ్యది ఎలా గీస్తుంది? గీయలేదు. కాబట్టి మొదటిదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఇంకా నాయిస్ తగ్గించడం, అంచులు పదును చేయడం, రంగులు పెంచడం, ఒక్కోటీ తన వంతు సమయం తింటుంది. సినిమా చూసేటప్పుడు ఇది ఎవరికీ పట్టదు, శబ్దాన్ని కూడా అంతే వెనక్కి జరిపి సరిచేస్తారు. ఆటలో మీ వేలు బటన్ నొక్కిన క్షణానికి, తెర మీద బొమ్మ కదిలే క్షణానికి మధ్య ఈ ఆలస్యమంతా వచ్చి కూర్చుంటుంది.

అంకెల్లో చూడండి. 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. గేమ్ మోడ్‌లో మంచి టీవీ ఆలస్యం 10, 15 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది, అంటే ఒక ఫ్రేము లోపే. ఈ సింగారాలన్నీ వేస్తే చాలా టీవీల్లో 100 మిల్లీసెకన్లు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ. అంటే మీరు చూస్తున్నది ఆరు ఫ్రేముల కిందటి ఆట. మైదానంలో 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాటర్‌ని చేరడానికి సుమారు అర సెకనే పడుతుంది. 100 మిల్లీసెకన్లలో అది దాదాపు నాలుగు మీటర్లు వచ్చేస్తుంది. క్రికెట్ గేమ్‌లో మీ కళ్లకు ఇంకా నాలుగు మీటర్ల దూరంలో కనిపిస్తున్న బంతి ఆట లెక్కలో మీ మీదికి వచ్చేసి ఉంటుంది. ఇక టైమింగ్ ఎలా కుదురుతుంది? ఫైటింగ్ గేముల్లో, షూటింగ్ గేముల్లో ఇంకా ఘోరం. ఈ సలహా రాసినవాళ్లు కంట్రోలర్ ఒక్కసారైనా పట్టుకున్నారా?

మురళీనగర్‌లో మా మేనల్లుడికి సరిగ్గా ఇదే జరిగింది. ఆన్‌లైన్‌లో రోజూ ఓడిపోతుంటే ముందు నెట్ బాగోలేదనుకున్నారు, ప్లాన్ మార్చారు. తర్వాత కంట్రోలర్ పాడైందనుకుని కొత్తది కొన్నారు. చివరికి పిల్లాడు "నాకు ఆడటం రాదు మావయ్యా" అన్నాడు. టీవీ వివిడ్ మోడ్‌లో, స్మూతింగ్ పూర్తిగా పెంచి ఉంది. గేమ్ మోడ్‌లో పెట్టాను. వాడి చేతులు బాగానే ఉన్నాయి. పదమూడేళ్ల పిల్లాడు తన వల్లే ఓడిపోతున్నానని అనుకున్నాడే, అది నన్ను చాలా బాధపెట్టింది. ఆ మెసేజ్‌ని ఆలోచించకుండా ముందుకు తోసే ప్రతి ఒక్కరూ ఇలాంటి ఇంకో ఇంటికి దాన్ని చేరుస్తున్నారు. దయచేసి ఆపండి.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. గేమ్ మోడ్ పెట్టగానే బొమ్మ చప్పబడిందని మావాడూ అన్నాడు, అది వాడి భ్రమ కాదు. గోంగూర పచ్చడి తిన్న నోటికి పెరుగన్నం చప్పగా ఉన్నట్టు, వివిడ్‌లోని నీలిరంగు తెలుపుకి అలవాటైన కంటికి కొంత అలా అనిపిస్తుంది. కానీ అదొక్కటే కాదు. కొన్ని టీవీలు గేమ్ మోడ్‌లో లోకల్ డిమ్మింగ్‌ని (చీకటి భాగాల వెనక దీపాన్ని తగ్గించే పద్ధతిని) నిజంగానే తగ్గించేస్తాయి, దాంతో నలుపు కాస్త బూడిద రంగులోకి దిగుతుంది. మెసేజ్ రాసినవాళ్లు చూసింది ఇదే అయి ఉంటుంది. చూసింది నిజమే, చెప్పిన మందే తప్పు. గేమ్ మోడ్‌లోనే ఉండి బ్యాక్‌లైట్, కలర్ టెంపరేచర్, లోకల్ డిమ్మింగ్ మీకు నచ్చినట్టు సర్దుకోండి, వీటివల్ల ఆలస్యం పెద్దగా పెరగదు. కన్సోల్‌లో ఉన్న హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడాను ఎక్కువగా చూపించే పద్ధతి) సర్దుబాటు ఒకసారి చేయండి. కదలిక నున్నగా కావాలంటే స్మూతింగ్ వద్దు. ఆటలో పర్ఫార్మెన్స్ మోడ్ (ఎక్కువ ఫ్రేములిచ్చేది) ఎంచుకోండి, టీవీకి వీఆర్ఆర్ (ఆట ఫ్రేములకు తగ్గట్టు తెర వేగాన్ని మార్చే సదుపాయం) ఉంటే వేయండి. పీఎస్5కి 2022 ఏప్రిల్ అప్‌డేట్‌తో అది వచ్చింది.

షోరూం మెరుపు గురించి ఎక్కువ చెప్పను. ద్వారకానగర్‌లో ఏ షోరూంకి వెళ్లినా పైన ట్యూబులన్నీ వెలుగుతుంటాయి, టీవీల్లో పూలూ చిలకలూ ఉన్న డెమో వీడియో తిరుగుతుంటుంది. ఆ వెలుగులో మెరిసేది రాత్రి మీ గదిలో కళ్లు నొప్పి పెట్టిస్తుంది. డెమో ఆపించి, చీకటి సీన్ ఉన్న ఆట వీడియో ఏదైనా పెట్టమనండి. అప్పుడు ఎల్ఈడీ టీవీల్లో వాడే రెండు రకాల్లో, ఐపీఎస్ ప్యానెల్ నలుపుకి, వీఏ ప్యానెల్ నలుపుకి తేడా మీకే తెలుస్తుంది. ఐపీఎస్ కాంట్రాస్ట్ (తెలుపు, నలుపు వెలుగుల నిష్పత్తి) సుమారు 1000కి 1 ఉంటే, వీఏది తరచుగా 3000 దాటుతుంది. పెట్టె మీద హెచ్‌డీఆర్ అని ఉన్నంత మాత్రాన లాభం లేదు. 300 నిట్స్ (తెర వెలుగుని కొలిచే ప్రమాణం) కూడా దాటని, లోకల్ డిమ్మింగ్ లేని టీవీ హెచ్‌డీఆర్ సిగ్నల్ తీసుకుంటుందే కానీ ఆ వెలుగుని చూపించలేదు.

మిగిలింది ఓఎల్ఈడీ. ఏడాదిలో మాడిపోతుందన్నది భయపెట్టే మాట. ఒకే బొమ్మ ఒకే చోట వందల గంటలు నిలిచిపోతే అక్కడి పిక్సెళ్లు మిగతావాటికన్నా ముందు అరిగిపోతాయి, అది నిజం. రకరకాల ఆటలు, మధ్యలో సినిమాలు చూసే ఇంట్లో అది ఏడాదిలో వచ్చే సమస్య కాదు. కానీ పొద్దున్న లేచింది మొదలు కింద స్క్రోలింగ్, మూలన లోగోతో వార్తా ఛానల్ నడిచే ఇల్లయితే ఓఎల్ఈడీ కొనకండి.

అసలు హాని ఆ రహస్యంలోని రెండో సగంలో ఉంది. ఓఎల్ఈడీ టీవీ పిక్సెళ్ల అరుగుదలను తనే కొలిచి సరిచేసుకుంటుంది. ఆ పని రిమోట్‌తో ఆపాక, స్టాండ్‌బైలో ఉన్నప్పుడు జరుగుతుంది. ఎల్‌జీ టీవీల్లో మొత్తం వాడకం నాలుగు గంటలు దాటాక ఆపితే, ఆ తర్వాత కొన్ని నిమిషాలు ఈ పని నడుస్తుంది. మీరు రిమోట్ నొక్కి, వెంటనే గోడ దగ్గర స్విచ్ కూడా కట్టేస్తే అది ఎప్పటికీ పూర్తి కాదు. మాడిపోకుండా కాపాడతానంటూ, కాపాడే ఏర్పాటునే రోజూ ఆపేయమంటోంది ఈ మెసేజ్! పిడుగులు పడే రాత్రి, తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ప్లగ్ పీకేయండి, హుద్‌హుద్ చూసిన ఊరికి అది ఎవరూ చెప్పక్కర్లేదు. మిగతా రోజుల్లో స్టాండ్‌బైలో వదిలేయండి.

అయినా మన ఊళ్లో చాలా హాళ్లకు ఓఎల్ఈడీ వద్దనే నేనూ అంటాను. కారణం మాత్రం మాడిపోవడం కాదు, ఎండ. బీచ్ రోడ్డులో, లాసన్స్ బేలో, రుషికొండ వైపు సముద్రం కనిపించే ఫ్లాట్లలో హాలు తూర్పుకే తెరుచుకుంటుంది. పొద్దుటి ఎండ నేరుగా లోపలికొస్తుంది, అద్దంలా ఉండే ఓఎల్ఈడీ తెరలో బాల్కనీ గ్రిల్లే కనిపిస్తుంది. అలాంటి హాలుకి లోకల్ డిమ్మింగ్ జోన్లు ఎక్కువున్న, 120 హెర్ట్జ్ వీఏ మినీ ఎల్ఈడీ (తెర వెనక చిన్న చిన్న దీపాలుండే రకం) తీసుకోండి. ఉప్పుగాలి నేరుగా తగిలే బాల్కనీ తలుపు పక్కన కాకుండా లోపలి గోడకి బిగించుకోండి. కర్టెన్లు వేసుకుని రాత్రిపూట ఆడే బెడ్‌రూం అయితే, పైన చెప్పిన వార్తా ఛానల్ గొడవ లేకపోతే, ఓఎల్ఈడీకి మించింది లేదు.