కొత్త కారవాన్, వంకర ఇరుసు

ఇంగ్లండ్‌లో హోటళ్లకు పోసింది చాలనుకుని ఏప్రిల్‌లో కొత్త కారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) కొన్నాం. పిల్లలు, రైస్ కుక్కర్, ఆవకాయ జాడీతో సహా వేల్స్ చుట్టొచ్చాం. నేనేం రేసులు పెట్టలేదు. కారవాన్ లాగే కారుకు మోటార్‌వే మీద గంటకు 60 మైళ్లే పరిమితి. అయినా మూడో ట్రిప్పుకే ఎడమ టైరు లోపలి అంచు బోడిగుండైంది. బయటివైపు మాత్రం షోరూం మెరుపే! అంటే ఇరుసు వంకరై చక్రం వాలిందన్నమాట. కిందికి దూరి తడిమితే టైరు లోపలుండే ఉక్కు తీగ వేలికి గుచ్చుకుంది.

డీలర్‌ని అడిగితే గుంతల్లో నడిపి ఉంటారన్నాడు. ఆడలేక మద్దెల ఓడు! తయారుచేసినవాళ్లు ఇరుసు కంపెనీని అడగమంటారు, వాళ్లు మళ్లీ డీలర్ దగ్గరికే పొమ్మంటారు. దీని ఇరుసు గొట్టంలో రబ్బరు కడ్డీలే స్ప్రింగులు. చక్రాల కోణం తప్పితే కారుకులా అలైన్‌మెంట్ చేయడం కుదరదు, ఇరుసు మొత్తం మార్చాల్సిందే. అందుకే కాబోలు అందరికీ ఒకేసారి చెవుడొచ్చింది.

పైగా టైరు మార్చిన కుర్రాడు, కొన్ని మైళ్లు పోయాక నట్లు టార్క్ రెంచ్‌తో (బిగుతు కొలిచి బిగించే పానాతో) మళ్లీ చూసుకోమని ఒక్క ముక్క చెప్పలేదు. మా ఆవిడ అనుమానంతో పట్టుకుంటే రెండు నట్లు చేత్తోనే తిరిగాయి.

బ్రిటన్ 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపముంటే 30 రోజుల్లో వెనక్కిచ్చేయొచ్చు. మాది బయటపడింది 41వ రోజున. గడువు దాటింది కాబట్టి మొదట రిపేరుకు ఒక అవకాశం ఇవ్వాలి. ఇచ్చాం. ఆరు వారాలుగా ఇరుసు "వస్తోంది".

ఇంటిముందు స్టాండ్ల మీదున్న ఆ కారవాన్‌లో, ఎండపడే కిటికీ పక్కన, మా అత్తగారు వడియాలు ఆరబెడుతున్నారు.