గిన్నెలిస్తే చాలు మా బుడ్డోడికి
చిన్నపిల్లల్ని ఇంట్లో ఆడించడానికి శనగలు, రాజ్మా గిన్నెల్లో పోసివ్వమని కొందరు చెప్తుంటారు కదా, మూడేళ్ళ లోపు వాళ్ళకి అది మాత్రం వద్దండి, టక్కున నోట్లోనో ముక్కులోనో పెట్టేసుకుంటారు. మాది మియాపూర్‌లో మూడో ఫ్లోర్, వానలు మొదలైతే మా రెండేళ్ళోడు బాల్కనీ గ్రిల్ పట్టుకుని ఒకటే ఏడుపు, అప్పుడు చపాతీ పిండి ముద్ద ఒకటి చేతికిస్తే నాకు కూర అయిపోతది, కాస్త పసుపు కలిపితే రంగు కూడా వస్తది (గోడకి కూడా అంటుకుంటది అనుకోండి). టబ్బులో నాలుగు వేళ్ళ నీళ్ళు, స్టీల్ గ్లాసులు ఇచ్చినా ఆడతాడు కానీ కొంచెం నీళ్ళే కదా అని పక్కనుంచి లేవకూడదు. ఫోన్ అయితే రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంట మించొద్దని డబ్ల్యూహెచ్‌వో 2019లోనే చెప్పింది, మా అత్తమ్మ వింటేగా!